ఊలు నెట్‌లోనే దొరుకుతుంటే ఊలు కొట్టుతో పనేముంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండేళ్లుగా వీడియోలు చూసి అల్లిక నేర్చుకున్నారు. ఊలు, సూదులు, ప్యాటర్న్‌లు (ఎలా అల్లాలో రాసిన సూచనలు) అన్నీ ఆర్డరు పెట్టి తెప్పించుకుంటున్నారు. ఈమధ్య ఒక ఊలు కొట్టు కంటపడింది. వారానికోసారి అక్కడ పదిమంది కూర్చుని అల్లుకుంటారని బోర్డు చూశారు. "నెట్‌లో లేనిది అక్కడేముంటుంది? అల్లేవాళ్ల లోకంలో కొట్టు కూడా ఒక భాగమంటారు, తీరా చూస్తే అది వ్యాపారమేగా?" అని అడిగారు. పనిలో పనిగా, రెండో చెయ్యి సగంలో ఉండగా ఊలు అయిపోయి మూలన పడేసిన కార్డిగన్ సంగతి కూడా రాశారు. దాని దగ్గరికి ఆఖర్న వస్తాను, మర్చిపోను.

నేను ముప్ఫై ఏళ్లు దాటి అల్లుతున్నాను. అందులో పదకొండేళ్లు ఒక ఊలు కొట్లో కౌంటర్ వెనక నిలబడ్డాను. ఇప్పుడా పని మానేశాను కాబట్టి మీకు అమ్మాల్సింది నా దగ్గర ఏమీ లేదు. కొట్టు వ్యాపారమేనా అంటే, వ్యాపారమే. నెలాఖరుకి అద్దె కట్టాలి. అయినా అక్కడ ఊలుతో పాటు ఇంకోటి దొరుకుతుంది, అది బిల్లులో కనిపించదు. నెట్‌లో మీరు చూసేవన్నీ పూర్తయిన స్వెటర్లు, మంచి వెలుతురులో, మంచి ఫొటోలో. కొట్లో చూసేవి సగంలో పాడైనవి. నాకు అల్లిక వచ్చిందంటే ఆ రెండో రకం చూడబట్టే వచ్చింది.

ఒకటి చెప్తాను. మా కొట్లో అందరూ చుట్టూ కూర్చుని అల్లే బల్ల దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చేవారు. నలభై ఏళ్లుగా అల్లుతున్న మనిషి. టోపీలు, సాక్సులు అల్లితే ముచ్చటగా వచ్చేవి. స్వెటర్ మొదలెడితే మాత్రం వెనక భాగం అట్టలా బిగుసుకుపోయేది, కొంచెం పక్కకి వాలేది కూడా. ఊలు మంచిది కాదనుకుని ఊలు మార్చారు. చెయ్యి బిగువేమోనని సూది సైజు పెంచారు. ఏం చేసినా అంతే. ఒకరోజు ఎదురుగా కూర్చున్న అమ్మాయి, అల్లిక మొదలెట్టి ఏడాది కూడా కాలేదు, "ఆంటీ, మీరు పర్ల్ వేసేటప్పుడు ఊలు కిందనుంచి తెస్తున్నారేంటి?" అంది.

అదీ అసలు సంగతి. అల్లికలో మూల కుట్లు రెండు, నిట్, పర్ల్; నిట్‌ని వెనకనుంచి చూస్తే కనిపించేదే పర్ల్. స్వెటర్ వెనక భాగంలాంటిది అటూ ఇటూ తిప్పుతూ అల్లేటప్పుడు ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వేస్తాం. మామూలుగా పర్ల్ కుట్టుకి ఊలుని సూది మీదనుంచి చుట్టి తీస్తాం. అప్పుడు సూది మీద కూర్చున్న కుట్టుకి, సూదికి అటూ ఇటూ దిగే రెండు కాళ్లలో, కుడి కాలు ముందుకి ఉంటుంది. కిందనుంచి చుడితే ఎడమ కాలు ముందుకొస్తుంది. తర్వాతి వరసలో నిట్ వేస్తూ అలవాటుగా ముందు కాలులోంచే సూది దూరిస్తే కుట్టు మెలిపడుతుంది. బట్టలో 'V' లా కనిపించాల్సిన కుట్టు అడుగున కాళ్లు పెనవేసుకుని 'Y' లా కనిపిస్తుంది. వరస విడిచి వరస మెలిపడ్డ బట్టకి సాగే గుణం పోతుంది. మరి టోపీలు, సాక్సులు ఎందుకు బాగా వచ్చాయి? గుండ్రంగా అల్లేటప్పుడు ఒంటి భాగమంతా నిట్టే, పర్ల్ వరసే రాదు. రోగం ఉందిగానీ బయటపడే అవకాశం లేదు.

ఆవిడ చెయ్యి మార్చుకోలేదు, ఆ వయసులో మార్చుకోవాల్సిన అవసరమూ లేదు. నిట్ వరసలో వెనక కాలులోంచి సూది దూర్చడం మొదలెట్టారు, మెలి విడిపోయింది. అలా అల్లే పద్ధతి లోకంలో ఎప్పట్నుంచో ఉంది, తప్పేం కాదు. చూడండి, ఎన్ని వందల వీడియోలు చూసినా ఈ సంగతి ఆవిడకి తెలిసే దారి లేదు. వీడియో తన చేతులు చూపిస్తుంది, మన చేతుల్ని చూడదు. పైగా అది తప్పని తెలిస్తేగా వెతకడానికి!

కొట్లో బల్ల అంటే ఇది. కొత్తవాళ్లు ఒక మూల, ఆరితేరినవాళ్లు ఒక మూల అని ఉండదు. ఊలుని కుడిచేత్తో విసిరేవాళ్లు, ఎడమచేతి వేలికి చుట్టుకుని సూదితో లాక్కునేవాళ్లు, ఎడమచేతివాటం వాళ్లు, క్రోషే కొక్కెం తప్ప సూది ముట్టనివాళ్లు, అందరూ ఒకే బల్ల చుట్టూ. నియమం ఒక్కటే, పెదాలు కదుపుతూ కుట్లు లెక్కపెడుతున్నవాళ్లని పలకరించకూడదు.

ఇక గేజ్ సంగతి, అంటే ఇంత వెడల్పుకి ఎన్ని కుట్లు పడతాయన్న లెక్క. అది చూసుకోవడానికి ముందుగా అల్లే చిన్న ముక్కే స్వాచ్. మీ ప్రశ్నలో "స్వాచ్ వేయడం టైమ్ వేస్ట్ అనిపిస్తుంది" అని ఒక ముక్క ఉంది కాబట్టి చెప్పక తప్పదు. ప్యాటర్న్‌లో 10 సెంటీమీటర్లకి 22 కుట్లు అని ఉందనుకోండి. ఛాతీ 100 సెంటీమీటర్లు రావాలంటే 220 కుట్లు. మీ చేతికి 20 కుట్లే వస్తే అదే 220 కుట్లతో 110 సెంటీమీటర్ల స్వెటర్ తయారవుతుంది. 24 వస్తే సుమారు 92. రెండు కుట్ల తేడా ఒక సైజుని ఎగరగొట్టేస్తుంది. ఈ లెక్క నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. దొరకనిది, ఆ స్వాచ్‌ని ఉతికాక ఏమవుతుందో చేత్తో పట్టుకుని చూడడం. సూపర్‌వాష్ అని రాసి ఉన్న ఊలు, అంటే మెషీన్లో వేసినా ముడుచుకోకుండా ఉన్ని పోగు మీది పొలుసుల్ని మట్టుపెట్టిన ఊలు, తడిస్తే వదులై సాగుతుంది. పొడిగా కొలిస్తే 22 కుట్లుండే ముక్క ఉతికాక 20కి జారడం నేను చాలాసార్లు చూశాను. మా కొట్లో ప్రతి రకం ఊలుకీ రెండేసి ముక్కలు మేకుకి వేలాడేవి, ఒకటి ఉతకనిది, ఒకటి ఉతికింది. ఆ రెండూ వేళ్ల మధ్య పట్టుకుని చూసిన మనిషికి స్వాచ్ ఎందుకో నేను వివరించాల్సిన పని పడలేదు.

అలాగే సూది నంబర్లు. "8 నంబర్ సూదివ్వండి" అని అడిగితే మేం ఎదురు ప్రశ్న వేసేవాళ్లం, ఏ 8 అని. పాత బ్రిటిష్ లెక్కలో 8 అంటే 4 మిల్లీమీటర్లు. అమెరికా లెక్కలో 5. జపాన్ లెక్కలో 4.5. పైగా బ్రిటిష్ లెక్కలో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, మిగతా రెండింటిలో లావవుతుంది. అమ్మమ్మ సూదులు ఒక లెక్క, నెట్‌లో దించుకున్న ప్యాటర్న్ ఇంకో లెక్క. తప్పు సూదితో వారం రోజులు అల్లాక వచ్చే ఏడుపు ఆ ఒక్క ఎదురు ప్రశ్నతో తప్పిపోయేది. క్రోషేలో ఇంతకంటే ఘోరం, అమెరికావాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటారు.

సరే, ఇవన్నీ ఒక మనిషికి కలిగే లాభాలు. మీరడిగింది మొత్తం అల్లేవాళ్ల లోకానికి కొట్టు ఏం చేస్తుందని. అక్కడికే వస్తున్నా.

ఊలు తయారుచేసేవాళ్లకీ, ప్యాటర్న్ రాసేవాళ్లకీ, అల్లేవాళ్లకీ మధ్య కొట్టు ఒక కూడలి. చిన్న కుండల్లో చేత్తో రంగులద్దేవాళ్లనే తీసుకోండి. వాళ్ల చిలపలు (ఊలు చుట్టలు) ఒకదానికొకటి అచ్చంగా ఉండవు. ఒక చిలపలో నీలం నాలుగు వేళ్ల వెడల్పు ఉంటే ఇంకోదాంట్లో రెండు వేళ్లే. ఫొటోలో అద్భుతంగా ఉన్న చిలప, అల్లాక ఒకేచోట రంగు పోగుపడి ఛాతీ మీద మరకలా కనిపించొచ్చు. కొట్లో వేలాడే నమూనా స్వెటర్ ఆ నిజం చెప్పేస్తుంది. రంగులద్దేవాళ్లూ డిజైనర్లూ తమ నమూనాల పెట్టెని కొట్టు నుంచి కొట్టుకి పంపే అలవాటు ఒకటుంది. ట్రంక్ షో అంటారు. ఒక్కో కొట్లో కొన్ని రోజులు ఉంచి, వచ్చినవాళ్లందరూ తొడుక్కుని చూశాక తర్వాతి కొట్టుకి పంపుతారు. మోడల్ ఒంటిమీద బాగున్న స్వెటర్ నా భుజాల మీద ఎలా వేలాడుతుందో అద్దంలో చూసుకోవడం అప్పుడే కుదిరేది. తొడుక్కుని చూసి ఆ ప్యాటర్న్ వద్దనుకున్నవాళ్లని కూడా నేను లాభం కిందే వేసేదాన్ని. లేకపోతే ఆ స్వెటర్ బీరువాలో పడుండేది, ఆ మనిషి మళ్లీ అల్లేవారు కాదు.

దీనికి బాగా పెద్ద ఉదాహరణ షెట్లాండ్. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న ఆ దీవుల్లో, లెర్విక్ ఊళ్లో జేమీసన్ అండ్ స్మిత్ అని ఒక ఉన్ని సంస్థ ఉంది. అక్కడి చిన్న రైతుల దగ్గర ఉన్ని కొని, గ్రేడులుగా వేరుచేసి, ఊలుగా మార్పించి అమ్ముతారు. ఉన్ని కొనేదీ వాళ్లే, ఊలు కొట్టూ వాళ్లదే. 2010 నుంచి ఆ దీవుల్లో ఏటా శరదృతువు మొదట్లో ఉన్ని వారోత్సవం జరుగుతోంది. ఏటా ఒక కొత్త టోపీ ప్యాటర్న్ విడుదల చేస్తారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు ఆ ఏటి టోపీ అల్లుకుని, పెట్టుకుని వస్తారు. పరిచయాల అవసరం లేకుండా టోపీ చూసి పలకరించుకుంటారు. గొర్రెల మంద నుంచి ఆ టోపీ దాకా ఉన్న దారి ఒకేచోట కళ్లకి కనిపిస్తుందంటే, మధ్యలో ఉన్ని కొని అమ్మే మనుషులు ఉండబట్టే.

ఇంకో ఉదాహరణ. 2017 జనవరి 21న అమెరికాలో జరిగిన మహిళల ఊరేగింపులో గులాబీ రంగు పిల్లిచెవుల టోపీలు మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. రాజకీయం పక్కన పెట్టండి, ఆ టోపీ ఎక్కడ పుట్టిందో చూడండి. లాస్ ఏంజెలెస్‌లో, లిటిల్ నిట్టరీ అనే చిన్న ఊలు కొట్లో. క్రిస్టా సూ, జేనా జ్వైమన్ అనే ఇద్దరు అక్కడికి అల్లుకోవడానికి వెళ్లేవారు. ఆలోచన వాళ్లది, ప్యాటర్న్ రాసింది కొట్టు యజమాని క్యాట్ కోయిల్. ఆ ప్యాటర్న్‌లో తెలివంతా దాని తేలికలో ఉంది. పొడవాటి దీర్ఘచతురస్రం అల్లి, మధ్యకి మడిచి, రెండు పక్కలు కుట్టేస్తే అయిపోయింది. తలకి పెట్టుకోగానే పైమూలలు రెండూ చెవుల్లా నిలబడతాయి. కుట్లు తగ్గించడం రాని కొత్తవాళ్లు కూడా అల్లగలరు. నెట్‌లో ఆ ప్యాటర్న్ కార్చిచ్చులా పాకింది, నిజమే. కానీ అల్లిన టోపీలని తీసుకుని ఊరేగింపుకి వెళ్లేవాళ్లకి అందించే పని చాలాచోట్ల ఊలు కొట్లే చేశాయి. నెట్ ఎంత పరిగెత్తినా టోపీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్లడానికి ఒక గడప కావాలి కదా.

సేవ కోసం అల్లేచోట ఇది ఇంకా బాగా తెలుస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం క్రోషేతో చిన్న ఆక్టోపస్ బొమ్మలు చేసే పని 2013లో డెన్మార్క్‌లో మొదలై చాలా దేశాలకి పాకింది. పసివాళ్లు ఆ బొమ్మ కాళ్లు పట్టుకుంటారు, ఒంటికున్న గొట్టాలు లాక్కోరు అన్నది ఆలోచన. దానికి కట్టుదిట్టమైన నియమాలున్నాయి. అచ్చమైన నూలు కావాలి, 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకగలగాలి, కాలు సాగదీసినా 22 సెంటీమీటర్లు దాటకూడదు, కుట్ల మధ్య సందులుండకూడదు. ఫొటో చూసి ముచ్చటపడి, ఇంట్లో మిగిలిన మెత్తటి అక్రిలిక్‌తో అరడజను చేసి తెచ్చినవాళ్లు నాకు తెలుసు. ప్రేమతో చేసినవే, ఆసుపత్రి మాత్రం తీసుకోలేదు. అలాంటివాళ్లకి ముందే "ఆగండి, అడిగి చేద్దాం" అని చెప్పగలిగేది ఊలు అమ్మేటప్పుడు "దేనికండీ?" అని అడిగే మనిషే. ఆర్డరు బటన్ ఆ మాట అడగదు.

ఇంతా చెప్పి నెట్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. 2007లో రావెల్రీ అనే అల్లేవాళ్ల వెబ్‌సైట్ వచ్చాక మా కొట్టు పనే మారిపోయింది, మంచికే. ఒక ప్యాటర్న్‌ని వేలమంది ఏ ఊలుతో, ఏ సూదితో, ఎక్కడ ఏం మార్చి అల్లారో అందులో రాసుకుంటారు. అంత జ్ఞాపకశక్తి ఏ కొట్టావిడకీ ఉండదు. కౌంటర్ మీద కంప్యూటర్‌లో రావెల్రీ తెరిచి పెట్టుకునే సలహా చెప్పేవాళ్లం. అందులోని ప్యాటర్న్‌ని కొట్లోనే కొని, కాపీ మీ ఖాతాలో పడేలా చేసే ఏర్పాటు కూడా వచ్చింది. డిజైనర్‌కి డబ్బు అందుతుంది, కొట్టుకి కొంత మిగులుతుంది. రెండింటికీ పోటీ అనే మాట బయటివాళ్లది, లోపల ఉన్నవాళ్లం రెండూ కలిపే వాడుకున్నాం.

దూరం నుంచి ఊలు తెప్పించుకోవడం కూడా కొత్తేం కాదు. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ పేరు మీరు వినే ఉంటారు. ఛాతీ కుట్ల సంఖ్యని నూరు శాతంగా పెట్టుకుని, చెయ్యికి ఇంత శాతం, మెడకి ఇంత శాతం అని స్వెటర్ లెక్కని అరచేతిలో పెట్టిన మనిషి. ఆవిడ 1959లోనే అమెరికాలో స్కూల్‌హౌస్ ప్రెస్ మొదలెట్టి పోస్టులో ఊలూ సూచనలూ పంపేవారు. అంటే ఇప్పటి ఆన్‌లైన్ కొట్టుకి తాతమ్మ అన్నమాట. మరి ఆవిడే 1974లో అల్లేవాళ్లందరూ ఒకచోట చేరే శిబిరం మొదలెట్టారు. పోస్టులో అన్నీ పంపగలిగిన మనిషికి కూడా ఎదురుగా కూర్చోబెట్టుకోవడం అవసరమనిపించింది. మీ ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు.

కొట్ల పాపాలు కూడా చెప్పాలి, లేకపోతే మీరు అక్కడికి వెళ్లి నన్ను తిట్టుకుంటారు. అక్రిలిక్ అనగానే ముఖం చిట్లించే కొట్లున్నాయి. క్రోషేవాళ్లని రెండో రకంగా చూసేవి, మగవాళ్లు లోపలికొస్తే "ఎవరికోసమండీ?" అని అడిగేవి ఉన్నాయి. 2019 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్‌లో అల్లేవాళ్ల మధ్య పెద్ద చర్చ నడిచింది. తెల్లవాళ్లు కాని చాలామంది, ఊలు కొట్లలో తమని దొంగల్ని చూసినట్టు వెంటపడి చూశారని, అసలు పట్టించుకోలేదని, తమ అనుభవాలు ఒక్కొక్కటిగా రాశారు. అది చదివి మా కొట్లో మేమూ తడుముకున్నాం. ఎవరు తలుపు తీసుకుని రాగానే లేచి నిలబడుతున్నాం, ఎవరొస్తే చేతిలో అల్లిక వదలడం లేదు అని. జవాబు అంత గర్వంగా ఏమీ లేదు. కాబట్టి రెండుసార్లు వెళ్లి చూశాక కూడా ఆ బల్ల దగ్గర మీకు చోటు లేదనిపిస్తే మానేయండి, తప్పు మీది కాదు. గ్రంథాలయంలోనో, ఎవరింటి వరండాలోనో నలుగురు కలిసి కూర్చుంటే సగం పని జరుగుతుంది. మిగతా సగం, అంటే ఊలు ముట్టుకుని చూడడం, దానికి మాత్రం కొట్టే కావాలి.

"వాళ్ల దగ్గర నాకు కావలసిన రంగు ఎప్పుడూ ఉండదు" అనే ఫిర్యాదు కూడా రాశారు. ఎందుకుండదో లెక్క వేసి చూపిస్తాను. పెద్దవాళ్ల స్వెటర్‌కి డబుల్ నిట్టింగ్ అనే మధ్యరకం మందం ఊలు సుమారు 1200 నుంచి 1500 మీటర్లు పడుతుంది. 50 గ్రాముల ఉండలో 115 మీటర్లు ఉంటే పదకొండు నుంచి పదమూడు ఉండలు. ఒక రంగు పెట్టుకుంటే కనీసం పన్నెండు ఉండలు ఉండాలి, అదీ ఒకే లాట్‌వి, అంటే ఒకే విడతలో రంగు వేసినవి. ఇరవై రంగులంటే 240 ఉండలు. ఇది ఒక్క కంపెనీ, ఒక్క మందం. సన్న ఊలు, లావు ఊలు, నూలు, సాక్సుల ఊలు అన్నీ కలిపి చూడండి. ఇంక సూదులు, 2 మిల్లీమీటర్ల నుంచి 10 దాకా, తీగ సూదులైతే (రెండు సూదుల్ని తీగతో కలిపినవి) 40, 60, 80, 100 సెంటీమీటర్ల పొడవుల్లో. గోడ మీద మీకు కనిపించే రంగులన్నీ ఇరుక్కుపోయిన డబ్బే. అందుకే లేనిది తెప్పించమని అడగండి, చాలా కొట్లు తెప్పిస్తాయి.

అక్కడ ఎలా మెలగాలో కూడా అడిగారు కదా. బయట కొన్న ఊలు తీసుకెళ్లి బల్ల దగ్గర అల్లుకోవడానికి మొహమాటపడకండి, మేమెవ్వరం లేబుల్ చూసేవాళ్లం కాదు (చూసేవాళ్లం, అనేవాళ్లం కాదు). రెండు నిమిషాల సందేహం ఊరికే అడగొచ్చు. గంటసేపు కూర్చుని సాక్సుకి మడమ తిప్పడం నేర్పమంటే మాత్రం అది క్లాసు, దానికి డబ్బివ్వండి. అరగంట సలహా తీసుకుని, చేత్తో ముట్టుకుని, లేబుల్ ఫొటో తీసి, అక్కడే నిలబడి వేరేచోట ఆర్డరు పెట్టిన మనుషుల్ని చూశాను. చట్టం ఏమీ అడ్డుపడదు. నాకు మాత్రం ఆ రోజంతా చేదుగా ఉండేది. డబ్బిచ్చి కొనాల్సిన ప్యాటర్న్‌ని పక్కావిడ దగ్గర జిరాక్స్ అడగడం కూడా అలాంటిదే, ఆ డిజైనర్ బతుకు దానిమీదే.

ఇప్పుడు మీ కార్డిగన్. దానికి ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి. కొట్లో చేరిన రెండో ఏడు, ఒకావిడకి బూడిద రంగు ఊలు పన్నెండు ఉండలు ఇచ్చాను. లాట్ నంబర్లు చూడలేదు. ట్యూబ్‌లైట్ కింద అన్నీ ఒకటే రంగు. నెల తర్వాత ఆవిడ స్వెటర్ తెచ్చి కిటికీ దగ్గర ఎండలో పట్టుకున్నారు. ఛాతీ మధ్యలో గీత గీసినట్టు పైన ఒక బూడిద, కింద ఒక బూడిద. ఎనిమిది ఉండలు ఒక లాట్, నాలుగు ఇంకో లాట్. నాకు నోట మాట రాలేదు. బల్ల దగ్గరున్న ఇంకొకావిడ లేచి వచ్చి, "ఛాతీ దాకా విప్పండి, అక్కణ్నుంచి రెండు వరసలు ఒక లాట్, రెండు వరసలు ఇంకో లాట్ కలుపుకుంటూ పోండి, కలిసిపోతాయి" అన్నారు. విప్పుతుంటే నేను ఉండ చుట్టాను. ఆ మర్నాడే కొట్లో ఒక నోట్‌బుక్ పెట్టాం. ఎవరికి, ఏ ఊలు, ఏ రంగు, ఏ లాట్, ఎన్ని ఉండలు అన్నీ అందులో రాసేవాళ్లం. తర్వాతి ఏళ్లలో ఎవరికైనా ఊలు తక్కువైతే ఆ నోట్‌బుక్ తిరగేసి, అదే లాట్ కొన్నవాళ్లకి ఫోన్ చేసేవాళ్లం. మిగిలిన ఉండలు అటకమీద పడున్నవాళ్లు ఎవరో ఒకరు ఉండేవారు. ఇచ్చిపుచ్చుకోవడం అలా చాలాసార్లు జరిగింది.

కాబట్టి మీరు చేయాల్సిందేంటంటే, ఊలు లేబుల్ వెతకండి. దానిమీద రంగు నంబర్ పక్కనే లాట్ నంబర్ ఉంటుంది. కార్డిగన్‌ని ఉన్నదున్నట్టు, సూదితో సహా కొట్టుకి తీసుకెళ్లండి, సిగ్గుపడి ముందే విప్పేయకండి. రావెల్రీలో కూడా మిగిలిన ఊలు అమ్మేవాళ్లని, మార్చుకునేవాళ్లని లాట్ నంబర్‌తో వెతకొచ్చు. అదే లాట్ దొరికితే అదృష్టం. దొరక్కపోతే అదే రంగులో వేరే లాట్ మూడు నాలుగు ఉండలు తెచ్చుకోండి, కానీ ఆగిపోయిన చోట నుంచి అల్లుకుపోవద్దు, మోచేతి దగ్గర గీత పడుతుంది. మొదటి చెయ్యి మణికట్టు పట్టీ విప్పండి. నడుం పట్టీ కిందనుంచి పైకి అల్లి ఉంటే, రిబ్ (పట్టీలో నిలువు గీతల్లా కనిపించే అల్లిక) పైనున్న వరసలో కుట్లన్నీ సూదికెక్కించి, దాని కింద ఒక కుట్టు కత్తిరించి పట్టీ విడదీయండి. ఇది మొదటిసారైతే బల్ల దగ్గరే చేయండి, పక్కన తెలిసినవాళ్లు ఉంటారు. వచ్చిన పాత ఊలుని ఉతికి ఆరబెట్టి రెండో చెయ్యి పూర్తి చేయండి. తర్వాత కొత్త లాట్‌తో రెండు చేతుల పట్టీలు, నడుం పట్టీ, మెడపట్టీ, గుండీల పట్టీ అల్లండి. రిబ్‌లో వెలుగూ నీడా ఎలాగూ వేరుగా పడతాయి కాబట్టి రంగులో ఆ కాస్త తేడా పట్టుకోవడం కష్టం. పట్టుకున్నా కావాలని చేసినట్టే ఉంటుంది. చుట్టూ ఎంత పట్టీ ఉందో కొలిచి రాయండి, ఎన్ని ఉండలు పడతాయో లెక్కకట్టి చెప్తాను.